వృద్ధాశ్రమంలో కాలక్షేపం ఎవరి ఇష్టం?

"మా నాయనమ్మ నల్లగొండలో వృద్ధాశ్రమంలో ఉంటుంది. పొద్దంతా టీవీ ముందే కూర్చోబెడుతున్నరు. వేరే ఏమన్నా పెట్టమని అడగొచ్చా?" అన్నది మీ ప్రశ్న.

నిక్షేపంగా అడగండి. ప్రభుత్వ వృద్ధాశ్రమాల గురించి చెప్పే 2007 వయోవృద్ధుల సంక్షేమ చట్టం 19వ సెక్షన్‌ కూడా వైద్యం పక్కనే వినోదాన్నీ ప్రస్తావిస్తుంది. కానీ ఏ వినోదం కావాలో తేలాల్సింది ఆమె దగ్గరే.

ఇక్కడే చిక్కు. "నీకేమిష్టం అవ్వా?" అంటే "ఏదైనా సరే బిడ్డా" అంటరు. అది ఇష్టం కాదు, మొహమాటం. అడగడం కన్నా రెండు మూడు వస్తువులు ముందు పెట్టి చూడటం మేలు: పచ్చీసు గవ్వలు, రేడియో, పూలు. నేను పనిచేసిన చోట దేవరకొండ దిక్కు అవ్వ ఒకామె నెలల తరబడి భజనలో నోరు విప్పలేదు. బతుకమ్మ ముందురోజు తాంబాళంలో తంగేడు పూలు పేరుస్తుంటే, "వరుస గట్ల కాదే పిల్లా" అని నా చేతిలోంచి లాక్కుంది! ఆ తర్వాత దేవుడి పటాలకు దండలు గుచ్చడం ఆమె పనే అయింది.

చూపు ఆనకపోతే గవ్వలు ఆమె వేస్తే, కాయలు పక్కవాళ్లు జరపొచ్చు. వద్దంటే మాత్రం బలవంతం చేయొద్దు. ఉత్తగా అరుగు మీద కూర్చుని రోడ్డు చూడటమూ కాలక్షేపమే. సిబ్బందికి తీరిక లేదంటారా, ఆదివారం వెళ్లినప్పుడు మీరే ఓ ఆట వేయండి.