ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కి స్టెమ్ సెల్ (మూలకణాల) ట్రయల్ అంటున్నారు, నాలుగు లక్షలు అడుగుతున్నారు. చేరవచ్చా?

మీ చెల్లెలికి ఆరేళ్లుగా ఈ జబ్బు, అంటే మన రోగనిరోధక కణాలే మన లివర్ మీద పడి కొట్టే జబ్బు ఉందని, హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు "ట్రయల్ నడుస్తోంది, నాలుగు లక్షలు కడితే ఇక జీవితంలో మాత్రలు అక్కర్లేదు" అన్నారని రాశారు. కట్టకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అలాంటి కుర్చీలోనే నేనూ కూర్చుని లేచొచ్చాను.

నాకు 2019లో బయటపడింది. ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం, లోన్ల సెక్షన్. కళ్లు పచ్చబడ్డాయి, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ ఎనిమిది వందలు దాటింది. హెపటైటిస్ బి లేదు, సి లేదు. బయాప్సీలో సంగతి తేలేలోపు మా అత్తయ్యగారు ఊరి నుంచి పసరు తెప్పించి మూడు రోజులు పరగడుపున తాగించారు. ఒక చుట్టం అయితే మా ఆయన్ని పక్కకి పిలిచి, "అమ్మాయికి అలవాటేమన్నా ఉందా?" అని అడిగాడట. లివర్ అనగానే మనవాళ్లకి సీసా తప్ప ఇంకేం గుర్తు రాదు. కరోనా వచ్చాక వాట్సాప్ నిండా తిప్పతీగ కషాయమే. ఆ కషాయాలు తాగాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు, వాళ్లలోనూ ఆటోఇమ్యూన్ లక్షణాలు కనిపించాయి. ఆ వార్త ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఒక్కరూ పలకలేదు. మర్నాడు మళ్లీ కషాయం వీడియో వచ్చింది.

మాత్రలంటే మీ చెల్లెలికి ఎందుకు విసుగో నాకు తెలుసు. స్టెరాయిడ్‌తో నా ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. రోజూ వచ్చే కస్టమరే నన్ను చూసి, "పాత మేడమ్ బదిలీ అయ్యారా?" అని అడిగాడు. షుగర్ వచ్చింది, నిద్ర పోయింది. తగ్గిందని డోసు దించితే ఎస్‌జీపీటీ మళ్లీ ఎగబాకింది. 2022లో సరిగ్గా ఆ నిస్పృహలో ఉండగా మా బావగారు అలాంటి ఒక స్టెమ్ సెల్ సెంటర్ సంగతి చెప్పారు.

అద్దాల బిల్డింగ్, నాలుగో అంతస్తు, చల్లటి ఏసీ. డాక్టర్ కంటే ముందు టై కట్టుకున్న కౌన్సెలర్ కుర్రాడు వచ్చాడు. ట్యాబ్‌లో వీడియో పెట్టాడు. అందులో గులాబీ రంగు కణాలు రక్తంలో ఈదుకుంటూ వెళ్లి, పాడైన లివర్‌లో దిగి, కొత్త లివర్ అయిపోతున్నాయి. మూడు డోసులు, నాలుగు లక్షల ఎనభై వేలు, ఈఎంఐ కూడా ఉందట. "ఇది ట్రయలా, ట్రీట్‌మెంటా?" అన్నాను. "ట్రయల్ కిందే మేడమ్, అందుకే డిస్కౌంట్" అన్నాడు. ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి కదా అంటే, "సార్ వచ్చాక చెప్తారు" అన్నాడు. గంటన్నర కూర్చున్నాం. సార్ రాలేదు. సంతకం పెట్టమని కాగితం మాత్రం వచ్చింది. ఒకే పేజీ. ఫలితానికి గ్యారంటీ లేదు, కట్టిన డబ్బు వెనక్కి రాదు, మొదటి డోసుకి రెండు వారాల ముందు పాత మందులు ఆపాలి. మా ఆయన అప్పటికే గాజులు కుదువ పెట్టి డబ్బు సిద్ధం చేశారు, పెన్ను కూడా తీశారు. అలాంటి కాగితం తెస్తే నేను ముప్పై వేల పర్సనల్ లోన్ కూడా ఇవ్వను. లేచి వచ్చేశాం. దారిలో సూర్యాపేట దాకా ఆయన నాతో మాట్లాడలేదు.

తర్వాత మా డాక్టరుగారికి చెప్తే తిట్టలేదు. "డబ్బు పోతే పోయింది, ఆ రెండు వారాలు మందు ఆపి ఉంటే ఐసీయూలో కలిసేవాళ్లం" అన్నారు, అంతే.

ఆయన దగ్గరే తెలుసుకున్నాను, ఈ జబ్బుకి స్టెమ్ సెల్స్ అనేది వట్టి బూటకం కాదని. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు మెర్లిన్ అనే ట్రయల్ పెట్టారు. మన జబ్బుతో పాటు, పిత్తనాళాలు మచ్చకట్టి మూసుకుపోయే పీఎస్‌సీ అనే జబ్బు వాళ్ల కోసం కూడా. ఐర్లండ్‌లోని ఆర్బ్‌సెన్ కంపెనీ కణాలు, యూరోపియన్ యూనియన్ డబ్బు. అందులో మొదట చూసింది నయమవుతుందా అని కూడా కాదు. ఎంత డోసు వరకు ఇస్తే మనిషికి ప్రమాదం లేదు అని. ఇంకో విషయం, ఆ కణాలు కొత్త లివర్‌గా మారవు. రక్తంలోకి ఎక్కిస్తే చాలావరకు ఊపిరితిత్తుల దగ్గరే చిక్కుకుని కొన్ని రోజుల్లో పోతాయి. పోయేలోపు, లివర్ మీద పడి కొడుతున్న మన రోగనిరోధక కణాల దూకుడు తగ్గిస్తాయా అన్నదే వాళ్ల ప్రశ్న. ఆ కుర్రాడి గులాబీ వీడియో సినిమా గ్రాఫిక్స్.

"ట్రయల్‌లో చేరితే మనకి ఉత్తి సెలైన్ ఎక్కిస్తారేమో, మోసం కదా" అని ఒకరు కామెంట్ పెట్టారు. అది మోసం కాదండీ. మనం తిట్టుకుంటూ మింగే స్టెరాయిడ్ పనిచేస్తుందని, మందు ఇచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలింది. 1971లో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్‌లో లివర్ డాక్టర్ షీలా షెర్లాక్ బృందం 49 మందితో చేసిన ట్రయల్‌లో, మందు ఇచ్చిన 22 మందిలో ముగ్గురు చనిపోయారు. ఇవ్వని 27 మందిలో 15 మంది పోయారు. ఆ పదిహేను మంది ఎవరో మనకి తెలియదు, నేను మాత్రం రోజూ ఉదయం టిఫిన్ అయ్యాక మాత్ర వేసుకుంటున్నాను.

మన దేశంలో ఏ ట్రయల్ అయినా సీటీఆర్‌ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీ సైట్‌లో ముందుగా నమోదు కావాలి, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. స్టెమ్ సెల్ ట్రయల్‌కి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిబంధనలే చెప్తున్నాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే వాళ్లే వైద్యం చేయించాలి, పరిహారం కూడా ఇవ్వాలి. నన్నడిగితే బిల్లు చేతిలో పెట్టారంటే అది ట్రయల్ కాదు, వ్యాపారం. అంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు.

మీ చెల్లెలికి ఇప్పుడు ఏం మందులు ఇస్తున్నారో మీరు రాయలేదు. రోగనిరోధక కణాల దూకుడు తగ్గించే అజాథయోప్రిన్ మాత్ర పడకపోతే అలాంటివే మైకోఫినోలేట్ లాంటివి ఉన్నాయి, అవి చూశారా అని వాళ్ల డాక్టర్‌ని అడగండి. నాకు ఇప్పుడు 5 మి.గ్రా. స్టెరాయిడ్, 50 మి.గ్రా. అజాథయోప్రిన్. ఎస్‌జీపీటీ 31. ముఖం దాదాపు పాత ముఖమే. గాజులు ఆ ఏడాదే విడిపించుకున్నాం.

ఆ సెంటర్ వాళ్లు మాత్రం నన్ను వదల్లేదు. మొన్న ఉగాదికి కూడా ఫోన్ వచ్చింది, పండగ ఆఫర్ అట, మూడు డోసులకి ఒకటి ఫ్రీ. రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పండి అన్నాను. సార్ మీటింగ్‌లో ఉన్నారట.