ప్లేయర్‌కి నేరుగా మెసేజ్ పెట్టకండి

మీ ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) టీమ్‌లోకి పోటీ టీమ్‌లోని ప్లేయర్‌ని తీసుకోవాలనుంది, డిస్కార్డ్ చాట్ యాప్‌లో అతన్నే నేరుగా అడగవచ్చా అని అడిగారు కదా. వద్దండీ. ముందు వాళ్ల మేనేజర్‌కి రాయండి: "మీ ప్లేయర్ మీద మాకు ఆసక్తి ఉంది, మాట్లాడటానికి అనుమతిస్తారా?" ఇంత చాలు. వాళ్లు కాదంటే కాంట్రాక్ట్ ముగిసేదాకా ఆగాలి.

ఇది ఉత్త మర్యాద కాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్ పోటీల్లో, కాంట్రాక్ట్‌లో ఉన్న ఆటగాడిని అతని టీమ్ యాజమాన్యానికి తెలియకుండా సంప్రదించడం నిషేధం. 2015లో రెనెగేడ్స్ అనే టీమ్ సహ యజమాని వేరే టీమ్ ఆటగాళ్లతో ఇలాగే మాట్లాడాడని, ఆ గేమ్ తయారుచేసే కంపెనీ రయట్ అతన్ని యజమానిగా కొనసాగనివ్వలేదు. అక్కడ ఎవరి కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తుందో రయట్ జాబితాలో అందరికీ కనిపిస్తుంది, కాబట్టి తెలియదనడానికి వీల్లేదు.

ప్లేయరే మీ దగ్గరికి వస్తే? "ముందు మీ మేనేజర్‌కి చెప్పి రా" అనండి. జీతం సంగతి అప్పుడే ఎత్తకండి.

మీది చిన్న స్థాయి, అసలు కాంట్రాక్టులే లేవంటారా, అప్పుడూ ఒక మాట చెప్పడం న్యాయం. ముఖ్యంగా టోర్నమెంట్ మధ్యలో వద్దు. ఒక్కడు వెళ్లిపోతే మిగతా వాళ్ల నెలల ప్రాక్టీస్ వృథా అవుతుంది. మా టీమ్‌కి సరిగ్గా క్వాలిఫయర్ ముందు అలా జరిగింది, కుర్రాళ్లు చాలా కుంగిపోయారు.

వాళ్ల మేనేజర్ నుంచి ఏ జవాబు వచ్చిందో ఇక్కడే చెప్పండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.