అణువా, పరమాణువా?

సందేహం: తొమ్మిదో తరగతికి భౌతిక రసాయన శాస్త్రం చెబుతున్నాను. పాఠ్యపుస్తకంలో డాల్టన్ ప్రతిపాదించినది ‘పరమాణు సిద్ధాంతం’. పత్రికల్లో మాత్రం అణుబాంబు, అణుశక్తి, అణువిద్యుత్తు అని చదువుతాం. “అణువు వేరు, పరమాణువు వేరు అన్నారు కదా, మరి బాంబుకు ఆ పేరెందుకు?” అని పిల్లలు అడుగుతున్నారు. ఏది సాధువు? రసాయన చర్యలో ద్రవ్యం పెరగదు, తరగదు అనే ‘ద్రవ్యనిత్యత్వ నియమం’లో ద్రవ్యం అంటే పదార్థమేనా? – ఒక ఉపాధ్యాయిని

సమాధానం: పిల్లలు చక్కని ప్రశ్న వేశారు. తరగతి గదిలో పాఠ్యపుస్తకం మాటే ప్రమాణం. మూలకంలో రసాయన చర్యకు పూనుకునే అతి చిన్న కణం పరమాణువు. విడిగా ఉండగలిగి, ఆ పదార్థ ధర్మాలను నిలుపుకొనే అతి చిన్న కణం అణువు. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి.

‘అణు’ శబ్దానికి మొదటి అర్థం ‘మిక్కిలి చిన్నది’ అనే. ‘అణుమాత్రమైనా అనుమానం లేదు’, ‘అణువణువునా’ అనే వాడుకల్లో నేటికీ ఆ అర్థమే ఉంది. దానికి ‘పరమ’ చేర్చితే, అంతకంటె చిన్నది లేదనదగినది. భాగవతం తృతీయ స్కంధంలో రెండు పరమాణువులు ఒక అణువనీ, మూడు అణువులు ఒక త్రసరేణువనీ ఉంది. కిటికీ సందుల్లోంచి పడే ఎండలో తేలియాడే నలుసే ఆ త్రసరేణువు. చిన్నది పరమాణువు, వాటి కూడిక అణువు అనే వరస అక్కడే స్పష్టంగా ఉంది కాబట్టి, పరిభాష కూర్చినవారి ఎంపిక మన సంప్రదాయానికి ఒదిగింది. అంతమాత్రాన ప్రాచీనులకు ఆధునిక రసాయన శాస్త్రం తెలుసునని పిల్లలకు చెప్పకండి. వారిది తర్కంతో చేసిన ఊహ, డాల్టన్‌ది తూకాల మీద నిలిచిన సిద్ధాంతం. పైగా ‘అణువుకు రెండు’ అనే లెక్క రసాయన శాస్త్రంలో చెల్లదు. హీలియం అణువులో ఒకే పరమాణువు ఉంటుంది, ఓజోన్ అణువులో మూడుంటాయి.

ఈ రెండు మాటలను విడిగా ఉంచడం ఎంత అవసరమో ఆ శాస్త్ర చరిత్రే చెబుతుంది. 1808లో తన గ్రంథం వెలువరించిన డాల్టన్, నీటి అతి చిన్న కణాన్ని కూడా పరమాణువనే అన్నాడు, కాకపోతే ‘సంయుక్త’ పరమాణువన్నాడు. నీటిలో హైడ్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి అనుకున్నాడు. 1811లో ఇటలీ శాస్త్రజ్ఞుడు అవగాడ్రో అణువునూ పరమాణువునూ వేరుచేసి చూపినా, చాలామంది పట్టించుకోలేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూలో జరిగిన రసాయన శాస్త్రజ్ఞుల సభలో ఇటలీకే చెందిన కానిజారో ఆ వాదాన్ని మళ్లీ గట్టిగా వినిపించిన తర్వాతే చిక్కు విడివడసాగింది. అర్ధశతాబ్ది పాటు పెద్దపెద్ద శాస్త్రజ్ఞులే తడబడిన చోట పిల్లలు తడబడితే కోప్పడకండి. అయితే తప్పును అలాగే వదిలేయనూ కూడదు. ఆక్సిజన్ పరమాణు భారం 16, అణుభారం 32. ‘పరమ’ జారిపోతే లెక్క సగానికి సగం తప్పుతుంది.

ఇక బాంబు సంగతి. అది రూఢి, అంటే వాడుకలో స్థిరపడిన మాట. అణుబాంబు, అణుశక్తి అనే మాటల్లోని ‘అణు’ పరిభాషలోని అణువు కాదు, పరమాణువుకు బదులుగా వాడుకలో నిలిచిపోయినది. హిందీలో వీటిని ‘పరమాణు’ అనే చేర్చి అంటారు. మనవాళ్లు పొట్టిమాటకు మొగ్గారు. శాస్త్రరీత్యా చూస్తే ఆ శక్తి పరమాణువు మధ్యనున్న కేంద్రకంలోనిది, కాబట్టి ‘కేంద్రక శక్తి’ అనడం మరింత సమంజసం. అయినా జనం నాలుకపై స్థిరపడిన అణుబాంబును తప్పని దిద్దబూనడం నాకు సమ్మతం కాదు. పత్రికలో అది సాధువే. పరీక్ష పత్రంలో ‘అణు సంఖ్య’ అని రాస్తే మాత్రం తప్పే, ‘పరమాణు సంఖ్య’ అనాలి.

రెండో సందేహానికి వస్తే, తర్కశాస్త్రంలో పదార్థం విస్తృతమైన మాట. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ద్రవ్యం, గుణం, కర్మ మొదలైన ఏడూ పదార్థాలే, వాటిలో ద్రవ్యం ఒకటి. నేటి వ్యవహారంలో ఈ తేడా చెరిగిపోయింది. అందుకే పాఠంలో రెండూ ఒకటేనని చెప్పినా ఇబ్బంది లేదు. నియమం పేరులోని ద్రవ్యాన్ని మాత్రం ద్రవ్యరాశిగా గ్రహించాలి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజర్ మూసిన పాత్రలో తగరాన్ని కాల్చి, పాత్ర తెరవకముందే తూచి, బరువు మారలేదని చూపాడు. తగరం రూపు మారింది, మొత్తం ద్రవ్యరాశి మారలేదు. ‘నిత్యత్వం’ ఆ మొత్తానిదే. ‘కాగితం కాలి బూడిదైంది కదా, నిత్యమెలా అవుతుంది?’ అనే పిల్లవాడికి, వెలువడిన పొగనూ వాయువులనూ, మంటకు గాలిలోంచి చేరిన ఆక్సిజన్‌నూ లెక్కలోకి తీసుకొమ్మని చెప్పండి. ఇంకొకటి: ‘ద్రవ్య’లోని యవత్తు ఎగిరిపోయి ‘ద్రవనిత్యత్వం’ అని రాసేవారున్నారు. ద్రవం అంటే నీరు, నూనె వంటివి. బోర్డు మీద రాసేటప్పుడు ఆ యవత్తు వెనుక బెంచీకి కూడా కనబడేలా రాయండి.