కాలిపర్ కారుతోందా? ముందు కారు ఆపు, ఆ తర్వాతే ఖర్చు లెక్కలు

తమ్ముడూ, సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు కొన్నావు. ముందు చక్రం లోపలివైపు తడి కనిపిస్తోంది, డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గుతోంది, వర్క్‌షాప్‌లో కాలిపర్లు (చక్రంతో తిరిగే డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు) రెండూ కొత్తవి వేయాలన్నారు. జీతం పడేదాకా ఇలాగే నడపొచ్చా అని అడిగావు. నడపకూడదు. బ్రేకులకు రెండు సర్క్యూట్లు, అంటే ఆయిల్ పోయే రెండు వేర్వేరు దారులు ఉంటాయి, ఒకటి పోయినా రెండోది ఆపుతుందిలే అని ధైర్యం చెప్పుకోకు. ఆపుతుంది, కానీ పెడల్ బాగా కిందికి దిగాక, బండి చాలా దూరం పోయాక. నీ కారు వేగానికి ఆ ఆపడం సరిపోదు.

ఖర్చు సంగతి నాకు బాగా తెలుసు. ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు ప్రతిదాన్నీ రూపాయల్లోకి గుణించి చూసుకునేవాణ్ని. అప్పట్లో నాకూ ఇలాంటి కారే ఉండేది, ఇదే జబ్బు చేసింది. కొన్నాళ్లు ఆయిల్ పోస్తూ నెట్టుకొచ్చాను. ఇక లాభం లేదనుకుని సీల్ కిట్ తెప్పించి నేనే విప్పాను. అక్కడిదాకా బాగానే ఉంది. చేతికందింది కదా అని లోపలంతా పెట్రోల్‌తో కడిగి, సులువుగా దిగుతాయని సీళ్లకు మామూలు గ్రీజు రాశాను. బ్రేక్ సీళ్ల రబ్బరుకు పెట్రోలియం సరుకు తగిలితే ఉబ్బిపోతుంది. ప్యాడ్లను తోసే పిస్టన్లు బిగుసుకున్నాయి, పెడల్ వదిలినా ప్యాడ్లు డిస్క్‌ను వదల్లేదు, డిస్క్ కాలి నీలంగా మారింది. ఆయిల్ పీల్చిన పాత ప్యాడ్లను పారేయడానికి మనసొప్పక, తుడిచి మళ్లీ అవే వేశాను. బ్రేక్ నొక్కితే కారు ఒక పక్కకు లాగేసేది. చివరికి కిట్ మళ్లీ కొన్నాను, ప్యాడ్లు కొన్నాను, డిస్కులూ కొన్నాను. అన్నీ కలిపితే మొదట వద్దనుకున్న బిల్లుకు దగ్గరికొచ్చింది. ఆ తర్వాత నా కార్ల బ్రేకులు ఇంకొకరి చేతికి ఇవ్వలేదనుకో, అది వేరే సంగతి.

అందుకని ముందు కారేది ఎక్కడో చూడు. అంతా శుభ్రంగా తుడిచి, ఒకరిని పెడల్ నొక్కమని, టార్చి వేసి చూడాలి. హోస్ వచ్చి కలిసే బోల్టు దగ్గర తడి ఉంటే రాగి వాషర్లు మార్చితే చాలు, దాదాపు ఖర్చే లేదు. గాలి తీసే నిపుల్ దగ్గరైనా ఖర్చు తక్కువే. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు (బూటు) కింద నుంచి వస్తుంటేనే సీలు పోయినట్టు. ఆ సీలు రెండు పనులు చేస్తుంది: ఆయిల్‌ను ఆపుతుంది, బ్రేక్ వేసినప్పుడు పిస్టన్‌తో పాటు కాస్త వంగి, పెడల్ వదలగానే దాన్ని వెనక్కి లాగుతుంది. గట్టిగా బ్రేకులు వాడే కార్లలో వేడికి రబ్బరు బిరుసెక్కి రెండు పనులూ మానేస్తుంది.

సీలే అయితే కాలిపర్ మొత్తం మార్చనక్కర్లేదు. పిస్టన్ మీద గోరుకు తగిలే గుంటలుంటే పిస్టన్ మార్చు. సీలు కూర్చునే గాడిని తుప్పు తినేసి ఉంటే మాత్రం కొత్త కాలిపర్ తప్పదు, అక్కడ లోభించకు.

పిస్టన్లను గాలి ఒత్తిడితో బయటికి తోస్తారు. మధ్యలో చెక్కముక్క పెట్టు, వేళ్లు అసలు పెట్టకు, అది తూటాలా వస్తుంది. నాలుగు పిస్టన్లవాటిలో ఒకటి ముందే ఊడితే మిగతావి కదలవు, కాబట్టి తేలిగ్గా వచ్చేవాటిని క్లాంప్‌తో ఆపుతూ అన్నిటినీ కొద్దికొద్దిగా తీసుకురావాలి. ఒకే కాలిపర్‌లో రెండు సైజుల పిస్టన్లు ఉండొచ్చు, కొలిచాకే కిట్ ఆర్డరు పెట్టు. కాలిపర్ రెండు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటే, తయారీదారు ఒప్పుకుంటే తప్ప విడదీయకు. కొత్త సీళ్లకు కొత్త బ్రేక్ ఆయిలే రాసి ఎక్కించు.

కొనే ఆయిల్ సీసా మీద డాట్ 4 అనో 5.1 అనో రకం రాసి ఉంటుంది, కారులోని ఆయిల్ డబ్బా మూత మీద రాసిందే కొను. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలవదు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఎప్పుడో మూత తీసి అలమరలో పెట్టినదాన్ని మిగిలింది కదా అని పోయకు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్, పెయింటింగ్ బిల్లు ఇంకా ఘోరం.

నీలాంటి కుర్రాళ్లు వీడియోలు చూసి తొందరలో ఎడమ కాలిపర్‌ను కుడివైపు బిగించేస్తారు. అప్పుడు నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైన చిక్కుకుపోతుంది, ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. నిపుల్ ఎప్పుడూ పైకే ఉండాలి, రెండుంటే రెండింటి నుంచీ గాలి తీయాలి. తీస్తున్నంతసేపూ డబ్బా ఖాళీ కానివ్వకు. ఏబీఎస్‌లోకి (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే పరికరం) గాలి దూరితే దాన్ని తీయడానికి స్కానర్ కావాలి, అదో ఖర్చు. బోల్టుల టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలో, కారు మాన్యువల్లో ఉంటుంది. అద్దె ఇంటి పార్కింగ్‌లో ఇలాంటి పని చేయనిస్తారో లేదో, పాత ఆయిల్ ఎక్కడ ఇవ్వాలో మీ ఊరి నిబంధనల్లో చూసుకో.

కారు కింద జాకీ ఒక్కటే నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టు. టార్క్ రెంచ్ తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకో, ఒక్క రోజు పనికి కొనడం దండగ. ప్యాడ్లు మాత్రం రెండు వైపులా కొత్తవే వెయ్యి.