రేసుల మధ్య తేడాల గురించి సైన్స్ నిజం దాస్తోందా? ల్యాబ్‌లో నేను చూసింది

రేసుల (నల్లజాతి, తెల్లజాతి లాంటి వర్గాల) మధ్య తేడాలు జన్యువుల్లోనే ఉన్నాయా, గొడవలవుతాయని శాస్త్రవేత్తలు ఆ సంగతి దాస్తున్నారా అని ఒకరు అడిగారు. దాచడం మాట అటుంచండి. నేను అమెరికాలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో రేసును బాహాటంగా లెక్కలో కలిపేవాళ్లు.

కిడ్నీల పనితీరును ఈజీఎఫ్ఆర్ అనే అంకెతో అంచనా వేస్తారు; అది ఎంత తగ్గితే కిడ్నీలు అంత పాడైనట్టు. రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే పెరుగుతుంది), వయసు, ఆడా మగా చూసి లెక్క కడతారు. 2009లో వచ్చిన ఫార్ములా ప్రకారం, పేషెంట్ నల్లజాతి వ్యక్తి అయితే వచ్చిన అంకెను 1.159తో హెచ్చవేయాలి. అధ్యయనాల్లో ఆ వర్గం వారికి కిడ్నీలు అంతే పనిచేస్తున్నా క్రియాటినిన్ సగటున కాస్త ఎక్కువ కనిపించింది. కండ ఎక్కువ కాబట్టి అన్నారు. కానీ ఎదురుగా ఉన్న మనిషి కండ ఎంతో ఎవరూ కొలిచేవారు కాదు, రేస్ గడిలో టిక్ ఉంటే చాలు. మా రిపోర్టులో రెండు అంకెలు పక్కపక్కనే వచ్చేవి. తల్లి నల్లజాతి, తండ్రి తెల్లజాతి అయిన ఒకాయన ‘వీటిలో నాది ఏది?’ అని అడిగితే మా దగ్గర సమాధానం లేదు.

ఇది చిన్న విషయం కాదు. డయాలసిస్ మొదలుకాని పేషెంట్‌కు కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టులో కాలం లెక్కకు రావాలంటే అక్కడ ఈజీఎఫ్ఆర్ 20కి మించకూడదు. 18 ఉన్న మనిషికి ఈ హెచ్చవేత చేస్తే దాదాపు 21 అవుతుంది. అంటే కిడ్నీలు పాడైపోతున్నా క్యూలోకే రాడు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 2021లో రేస్ లేని ఫార్ములా వచ్చింది. 2023లో, అలా నష్టపోయిన నల్లజాతి పేషెంట్లకు పోయిన కాలాన్ని కలిపి ఇవ్వాలని ఆసుపత్రులకు నియమం పెట్టారు.

ఇక జన్యువులు. మనుషుల మధ్య జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉందని 1972లో జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ చూపించారు. చాలా జన్యువులను కలిపి చూస్తే పూర్వీకులు ఏ ఖండం వారో చెప్పొచ్చని 2003లో మరో జన్యుశాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ అన్నారు. రెండూ నిజమే. అయితే పూర్వీకులు ఎక్కడివారో తెలిసినంత మాత్రాన ఆ మనిషి తెలివి ఎంతో తెలియదు. సికిల్ సెల్ అనే రక్త జబ్బు జన్యువునే చూడండి. దాన్ని నల్లవారి జబ్బు అనుకుంటారు గానీ, మలేరియా బాగా ఉన్న చోట్ల పెరిగింది కాబట్టి గ్రీసులోనూ, మన దేశంలోని గిరిజన ప్రాంతాల్లోనూ ఉంది.

ఐక్యూ విషయానికొస్తే, అమెరికాలో వర్గాల సగటు స్కోర్లలో తేడా ఉన్నమాట ఎవరూ కాదనడం లేదు. వివాదమంతా కారణం మీదే. అది జన్యువుల వల్లేనని ఇంతవరకు రుజువు కాలేదు. మరోవైపు 20వ శతాబ్దంలో చాలా దేశాల్లో సగటు ఐక్యూ స్కోర్లు తరం తరానికీ పెరిగాయి. రెండు మూడు తరాల్లో జన్యువులు అంతగా మారవు. చదువు, తిండి, ఆరోగ్యం మారతాయి.