కాళీ నది కడలిలో కలిసేచోట: కార్వార్ ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

కర్ణాటక, గోవా రాష్ట్రాల సరిహద్దు దగ్గర, కార్వార్ పట్టణం పక్కనే కాళీ నది అరేబియా సముద్రంలో కలుస్తుంది. సెలవుల్లో అటు పోదామనుకుంటున్న పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మాది గుత్తి. కారులో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి కార్వార్‌లో సూర్యాస్తమయం చూడొచ్చా? లేక రైలే నయమా? (గుత్తి నుంచి ఒక పాఠకుడు)

గుత్తి, గుంతకల్లు, బళ్లారి, హొసపేట, గదగ్, హుబ్బళ్లి, అక్కడి నుంచి యల్లాపుర, అంకోలా, కార్వార్. మొత్తం దాదాపు 450 కిలోమీటర్లు. హుబ్బళ్లి దాకా దారి తేలిక. యల్లాపుర దాటాక అరెబైల్ ఘాట్‌లో మలుపులు, బరువు లారీలు ఉంటాయి. అక్కడ గంటకు 30, 40 కిలోమీటర్లకు మించి పోలేరు. చాలామంది ఈ సంగతి లెక్కలో వేసుకోరు. మధ్యాహ్నం మూడుకు హుబ్బళ్లి చేరి, చీకటి పడే వేళ ఘాట్ దిగి, అలసిపోయి ఊరు చేరుతారు. ఆ రోజు సూర్యాస్తమయమూ పోతుంది. హుబ్బళ్లిలో రాత్రి బస చేసి, తెల్లారి ఘాట్ దిగడమే మా సలహా. పదకొండుకల్లా కార్వార్‌లో ఉంటారు.

రైలులో పోవాలంటే అనంతపురం, గుంతకల్లు మీదుగా పోయే హంపీ ఎక్స్‌ప్రెస్‌లో హుబ్బళ్లి దిగి, బస్సు పట్టుకోండి. బస్సుకు నాలుగు గంటలు పెట్టుకోండి. నంద్యాల, డోన్ వాళ్లకు వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ మేలు. అది నేరుగా మడ్‌గావ్ పోతుంది. అక్కడ కొంకణ్ రైల్వే బండి మారితే కార్వార్. హిందూపురం, ధర్మవరం వాళ్లు బెంగళూరు పోయి రాత్రి బండి పంచగంగ ఎక్కితే పొద్దునకు కార్వార్ చేరుకోవచ్చు. కార్వార్ స్టేషన్ ఊరికి దూరంగా శిర్వాడ్ దగ్గర ఉంది, ఆటో తప్పదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. 2024 జూలై 16న అంకోలా దగ్గర శిరూరులో కొండచరియ విరిగి జాతీయ రహదారి మీద పడి ప్రాణాలు తీసింది. ఆ నెలల్లో పడవలూ తిరగవు.

ప్రశ్న: నది సముద్రంలో కలిసే చోటు బాగా కనబడేది ఎక్కడి నుంచి? వంతెన మీద ఆగి చూడొచ్చా? (ప్రొద్దుటూరు పాఠకురాలు)

వంతెన మీద ఆగొద్దు. కాళీ నది మీద రెండు వంతెనలు ఉండేవి. పాతది 2024 ఆగస్టు 7న అర్ధరాత్రి దాటాక కూలింది. దాంతో రెండు వైపుల బండ్లూ కొత్త వంతెన మీదికే మళ్లాయి. అక్కడ కారు నిలిపితే మీకూ వెనకొచ్చేవాళ్లకూ ప్రమాదమే.

చూడాల్సింది సదాశివగడ నుంచి. వంతెన దాటగానే ఉత్తరపు ఒడ్డున ఉన్న కొండ కోట అది. సోదె అనే స్థానిక రాజ్యపు పాలకులు కట్టించారు. తరవాత పోర్చుగీసువాళ్లూ, ఇంగ్లీషువాళ్లూ పట్టుకున్నారు. ఇప్పుడు కోట గోడలు కొద్దిగానే మిగిలాయి, పైన దుర్గాదేవి గుడి ఉంది. కోట చూద్దామని పోతే నిరాశపడతారు. నది కోసం పోండి. ఎడమ చేతి వైపు వంతెన, దాని అవతల కార్వార్ తీరం, ఎదురుగా నదీముఖం, దూరంగా దీవులు, అన్నీ ఒక్కచోట నిలబడి చూడొచ్చు.

ఫొటోలు కావాలంటే పొద్దున్నే ఎక్కండి. సంగమం పడమటి వైపు ఉంది కాబట్టి అప్పుడు సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, నది నీటి రంగూ సముద్రపు రంగూ విడివిడిగా తెలుస్తాయి. సాయంత్రం ఎండ కళ్లలోకి కొడుతుంది, ఫొటోలో అంతా నల్లగా పడుతుంది. సూర్యాస్తమయం చూడడానికి మాత్రం సాయంత్రమే. డిసెంబరులో ఆరు దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది కాబట్టి ఐదుకల్లా పైన ఉండండి. తూర్పు తీరం ఎరిగిన మనకు సముద్రంలోంచి లేచే సూర్యుడే అలవాటు. దిగే సూర్యుణ్ని ఒకసారైనా చూసి తీరాలి.

ఊళ్లోని రవీంద్రనాథ్ టాగూర్ తీరానికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన అన్న సత్యేంద్రనాథ్ ఇక్కడ జడ్జిగా పనిచేశారు. యువకుడిగా టాగూర్ ఆయన దగ్గరికొచ్చి ఉన్నారు, ఈ నదిలో పడవ మీద తిరిగారు.

ప్రశ్న: పిల్లలతో పోతున్నాం. సంగమంలో స్నానం పుణ్యమంటారు కదా, చేయించవచ్చా? పడవలో తిప్పవచ్చా? (అనంతపురం పాఠకురాలు)

నదీముఖం దగ్గర నీళ్లలో దిగనివ్వకండి, మోకాలి లోతుకైనా సరే. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు ఆటు తీస్తుంది. ఆటు వేళ నది నీరూ, పోటుకు లోపలికొచ్చిన ఉప్పునీరూ కలిసి ఒక్కసారిగా బయటికి పోతాయి. పైకి నీరు నెమ్మదిగానే కనబడుతుంది, అడుగున లాగుడు బలంగా ఉంటుంది. పైగా కాళ్ల కింద ఇసుక దిబ్బలు ఎప్పటికప్పుడు జరుగుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఈరోజు నిలువెత్తు ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ జోరు ఇంకా ఎక్కువ. మనవాళ్లు పుణ్యస్నానాలకు పెట్టుకునేదీ ఆ రోజులే. సంగమ జలం కావాలంటే ఒడ్డున చెంబుతో ముంచి పిల్లల నెత్తిన చల్లండి, చాలు.

పడవకు పొద్దుటి వేళ మంచిది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి గాలి లేస్తుంది. బయటికి పోయే ఆటు నీటికి అది ఎదురు తగిలితే సంగమం దగ్గర అలలు పొట్టిగా, నిలువుగా లేచి పడవను ఎత్తి కుదేస్తాయి. పోటు వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. కాబట్టి నిన్నటి వేళ నమ్ముకోకుండా, పడవవాణ్ని "ఈరోజు ఆటు ఎన్నింటికి?" అని అడగండి. తెలిసినవాడు వెంటనే చెప్తాడు. చెప్పలేనివాడి పడవ ఎక్కొద్దు.

లైఫ్ జాకెట్ తొడిగాక పిల్లవాడి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా వస్తే అది పెద్ద సైజు, నీళ్లలో జారిపోతుంది. మార్చమనండి. పడవ మీద రాసిన సంఖ్యకు మించి ఒక్కరెక్కినా దిగిపోండి. ఏటా పుష్య పౌర్ణమికి కూర్మగడ దీవిలో నరసింహస్వామి జాతర జరుగుతుంది. 2019 జనవరి 21న ఆ జాతర నుంచి తిరిగొస్తున్న పడవ తిరగబడి పదిమందికి పైగా చనిపోయారు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. జాతర రోజున తొందరపడి కిక్కిరిసిన పడవెక్కే బదులు తరవాతి పడవకు ఆగండి.

పిల్లలకు నీళ్లకన్నా మడ అడవి నచ్చొచ్చు. కాళీ ఒడ్డున మడచెట్ల మధ్య అటవీశాఖ చెక్క నడకదారి వేసింది. ఆటు వేళ పోతే బురదలో పీతలు, పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు కనబడతాయి. పోటు వేళ అవన్నీ నీళ్ల కింద ఉంటాయి.

ప్రశ్న: అంజదీవ్ దీవికి పోవచ్చా? (కర్నూలు పాఠకుడు)

పోలేరు. అది నౌకాదళ స్థావరంలో భాగం. ఆ చుట్టుపక్కల డ్రోన్ ఎగరేయాలన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

ప్రశ్న: మా పెన్న ఇంత పొడుగు పారుతుంది. కాళీ చిన్న నది అంటారు, మరి దాని నదీముఖం ఏడాదంతా నిండుగా ఎందుకుంటుంది? (కడప పాఠకుడు)

మంచి ప్రశ్న. పెన్న 597 కిలోమీటర్లు, కాళీ దాదాపు 184. నైరుతి రుతుపవనాల మేఘాలు పడమటి కనుమలకు తగిలి అక్కడే కురిసేస్తాయి. కార్వార్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. కనుమలు దాటి మన దాకా వచ్చేది పొడిగాలి. అనంతపురంలో 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. కాళీ మీద సూపా మొదలు కద్రా దాకా జలవిద్యుత్తు ఆనకట్టలున్నాయి. టర్బయిన్లు తిప్పిన నీరు మళ్లీ నదిలోకే వస్తుంది కాబట్టి వేసవిలోనూ ప్రవాహం తెగదు. పైగా సముద్రపు పోటు నది లోపలికి ఎక్కి వస్తుంది.

పెన్న నీరు సోమశిలలో ఆగి, కాలువల్లోకి మళ్లుతుంది. ప్రవాహం తగ్గినప్పుడు అలలు ఇసుకను తోసి ముఖద్వారానికి అడ్డుకట్ట వేస్తాయి. వరదొచ్చినప్పుడు నది దాన్ని కోసుకుని పోతుంది. పెన్న సముద్రాన్ని కలిసేది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం ఊటుకూరు దగ్గర. చూడాలంటే ఈశాన్య రుతుపవనాల తరవాత, నవంబరు, డిసెంబరుల్లో, తుఫాను హెచ్చరిక లేని రోజు చూసుకుని పోండి.

ప్రశ్న: గోవాలో అద్దె స్కూటరు తీసుకుని కార్వార్ రావచ్చా? సరిహద్దు అవతల దగ్గర్లో ఏం చూడొచ్చు? (ఆదోని పాఠకుడు)

నల్ల నంబరు పలక మీద పసుపు అక్షరాలుండే అద్దె బండ్లు గోవా లోపల తిరగడానికే ఇస్తారు. కర్ణాటకలోకి తెస్తే జరిమానా, బండి ఆపేస్తే ఇంకా చిక్కు. సొంత బండైతే ఆర్‌సీ, బీమా, కాలుష్య పత్రం, లైసెన్సు ఉంటే చాలు. పసుపు బోర్డు ట్యాక్సీలో వస్తే టూరిస్ట్ పర్మిట్‌లో రెండు రాష్ట్రాలూ చెల్లుతాయో లేదో ఊళ్లోనే చూసుకోండి. మాజాళి దాటగానే గోవా వైపు పోలెం చెక్‌పోస్టు. తిరిగొచ్చేటప్పుడు గోవా మద్యం సీసాలు తెస్తే కర్ణాటక ఎక్సైజు వాళ్లు పట్టుకుంటారు, కొనేముందే అనుమతి సంగతి అడగండి.

మాజాళి దగ్గరి తిల్మాటి తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. చిన్న గుట్ట దాటి నడవాలి, దుకాణాలేవీ లేవు, నీళ్లు మీరే మోసుకుపోవాలి. సరిహద్దు దాటాక గాల్జిబాగ్‌లో మరో చిన్న నది సముద్రంలో కలుస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కంచె వేసిన గూళ్ల దగ్గరికి పోవద్దు, రాత్రి టార్చీ, ఫోను లైటు వేయొద్దు. పిల్ల తాబేళ్లు వెలుగును బట్టి సముద్రం ఎటుందో తెలుసుకుంటాయి, మీ లైటు చూసి ఒడ్డు వైపు నడిచి చచ్చిపోతాయి. ఇంకా సమయముంటే కాణకోణ తాలూకాలోనే ఉన్న కాబో ద రామ కోట దాకా పోండి. కొండ అంచుల్లో రక్షణ గోడ లేని చోట్లున్నాయి, పిల్లల చేయి వదలొద్దు.