రెస్క్యూ టీంలోకి దారి బాయి పని నుంచే

ప్రశ్న: గోదావరిఖనిలో బాయి (బొగ్గు గని) పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు సింగరేణి రెస్క్యూ వాళ్లను టీవీలో చూశాడు. అప్పటి నుంచి అదే పని చేస్తానంటున్నాడు. బాయిలే మూతపడుతుంటే ఇదేం ఆశ సార్?

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గనులు తగ్గి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. అయితే రెస్క్యూ అవసరం మాత్రం పోదు. పాత బాయిల్లో నీళ్లు చేరతాయి, మిగిలిన బొగ్గు దానంతటదే వేడెక్కి రాజుకుంటుంది. 2003లో మీ గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది పోయిన సంగతి మీకు వేరే చెప్పాలా!

అబ్బాయికి తెలియాల్సింది ఇంకొకటి. రెస్క్యూకి విడిగా డిగ్రీ లేదు. రెస్క్యూ స్టేషన్‌లో పూర్తికాలం ఉండేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు గనిలో పని చూసుకునే ఓవర్‌మన్లు, సర్దార్లు, ఇంకా ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు. రోజూ తమ డ్యూటీ చేసుకుంటూ, శిక్షణ పొంది, పిలుపు రాగానే వెళ్తారు.

ఆ శిక్షణ టీవీలో కనబడదు. వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసి, ఆక్సిజన్ కలిపి తిరిగి అందించే బరువైన సెట్ వీపుకు కట్టుకుని, పొగ, వేడి నింపిన గ్యాలరీలో (శిక్షణ కోసం కట్టిన సొరంగంలాంటి దారిలో) పాకాలి, మనిషిని మోయాలి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కైతే వాసనే ఉండదు. టీంలో ఒక్కరి సెట్ మొరాయించినా అందరూ వెనక్కి రావాల్సిందే. హీరోలా ఒక్కడే ముందుకు దూకే కుర్రాడు ఈ పనికి పనికిరాడు. మీవాడు ఎలాంటివాడో మీకే తెలియాలి.

చదువు విషయానికొస్తే, ఎప్‌సెట్‌తో ఉస్మానియాలో గానీ కొత్తగూడెంలో గానీ బీటెక్ మైనింగ్ ఉంది. నన్నడిగితే మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ మేలు. గనుల్లోకి ఆ దారి కూడా ఉంది, నియామకాలు లేని ఏడాది బయట బతకొచ్చు. సొరంగాల్లో, కెమికల్ ఫ్యాక్టరీ ట్యాంకుల్లో సేఫ్టీ పనికి గ్యాస్, బ్రీతింగ్ సెట్ తెలిసినవాళ్లు కావాలి. మైనింగే కావాలని పట్టుబడితే మాత్రం ఆపకండి.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఊపిరితిత్తులు, గుండె, కంటిచూపు పరీక్ష చేయించండి. ఆస్తమా ఉంటే రెస్క్యూ మాట ఇప్పుడే మానుకోవాలి. ఏమీ లేకపోతే ఈ సెలవుల్లో ఫస్ట్ ఎయిడ్ కోర్సులో చేర్పించండి. రెస్క్యూలో అది ఎలాగూ రావాలి.